అపొస్తలుల చెయ్యి మన పల్లె దాకా వచ్చిందా?

గడివేముల చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లి మాటలు నడిచేటప్పుడు కులం, ఇంటిపేరు తేలినాక ఇంకో ప్రశ్న వచ్చేది: "మీరు ఏ మిషనోళ్లు?" మాలో కొందరం ఈ ప్రశ్న వింటూనే పెరిగాం. ఎస్.పి.జి. వాళ్లా, బాప్టిస్టులా? ఎస్.పి.జి. వాళ్లయితే కలిసినోళ్లా, కలవనోళ్లా? దేంట్లో కలవడం అని అడిగితే "సౌత్ ఇండియాలో" అని జవాబు. ఎందుకు కలవలేదని అడిగితే "ఆ పక్క అయ్యగార్లలో కొందరి తలమీద బిషప్పు చెయ్యి పడలేదు, అపొస్తలుల నుంచి వచ్చిన చెయ్యి అది" అనేవాళ్లు పెద్దోళ్లు. అంతకు మించి ఎవరూ చెప్పేవాళ్లు కాదు. మేమూ అడగలేదు.

ఆ చెయ్యి గురించే ఈ వ్యాసం. క్రైస్తవ సిద్ధాంతం అనగానే మన పల్లెల్లో అది యేసు నోటినుంచి, అపొస్తలుల చేతినుంచి నేరుగా వచ్చిందని నమ్ముతాం. ఏ సిద్ధాంతం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి అవసరం కోసం తయారయిందని అడగడం పాపమని భయపడతాం. మనుధర్మాన్ని చారిత్రకంగా పరిశీలించే దళిత ఉద్యమం, మన ఇండ్లల్లో రోజూ వినపడే ఈ సిద్ధాంతాల దగ్గరికొచ్చేసరికి ఎందుకో మౌనంగా ఉండిపోయింది. అందుకే మన ప్రాంతాన్ని నిజంగా చీల్చిన ఒక్క సిద్ధాంతాన్ని తీసుకుని, దాని పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

ముందు మన సంగతి. ఎస్.పి.జి. అంటే 1701లో ఇంగ్లండులో పుట్టిన సువార్త ప్రచార సంఘం. అది ఆంగ్లికన్ చర్చికి, అంటే ఇంగ్లండు రాజ్యపు చర్చికి చెందిన సంస్థ. ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడు, ఆ తర్వాత నంద్యాల దానికి ఈ ప్రాంతంలో ముఖ్య కేంద్రాలయినాయి. దాని సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువగా మాలలు. అమెరికన్ బాప్టిస్టులు ఒంగోలు నుంచి మొదలుపెట్టి కంభం, కర్నూలు వైపు వచ్చారు. వాళ్లలో చేరినవాళ్లు ఎక్కువగా మాదిగలు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరూ చెప్పుకునేదే. చిన్నపిల్లలకు నీళ్లు చల్లే చర్చి ఒకటి, పెద్దయినాక నీళ్లల్లో ముంచే చర్చి ఇంకొకటి. దొరల మధ్య అది సిద్ధాంత భేదం. మన దగ్గర అది మాలపల్లెకూ మాదిగపల్లెకూ మధ్య ఉన్న పాత గీత మీదే పడింది. ఆ గీతను సిద్ధాంతం పుట్టించలేదు కానీ, దానికి కొత్త సున్నం పూసింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటయిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు కలిసి ఒకే సంఘమయినారు. దీనికోసం 1919లో తరంగంబాడిలో మొదలయిన చర్చలు 28 ఏండ్లు నడిచినాయి. ఆ చర్చలకు ఆద్యుల్లో ఒకడు దోర్నకల్ బిషప్పు వేదనాయగం సామ్యూల్ అజరయ్య. నంద్యాల ప్రాంతం అప్పుడు ఆ దోర్నకల్ అధ్యక్ష మండలంలోనే ఉండేది. అయినా నంద్యాల చుట్టుపక్కల వేలాదిమంది ఆంగ్లికన్లు ఐక్యతలో చేరలేదు. కలకత్తా మెట్రోపాలిటన్ ఏలుబడిలో విడిగా ఉండిపోయారు. 1963లో నంద్యాల వాళ్లదే ఒక ఆంగ్లికన్ అధ్యక్ష మండలం అయింది. 1975లో గానీ అది సి.ఎస్.ఐ.లో కలవలేదు. అంటే 28 ఏండ్ల చర్చ, దాని తర్వాత ఇంకో 28 ఏండ్ల ఎడబాటు.

అభ్యంతరం ఏమిటి? మెథడిస్టులకూ కాంగ్రిగేషనల్ వాళ్లకూ బిషప్పులు లేరు. వాళ్ల గురువులను సంఘం పెద్దలే చేతులుంచి అభిషేకించారు. కొత్త సంఘంలో ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పులే చేస్తారు, కానీ ఇప్పటికే ఉన్న గురువులకు మళ్లీ అభిషేకం అక్కర్లేదని ఒప్పందం. అయితే వాళ్లిచ్చే రొట్టె, ద్రాక్షారసం చెల్లుతాయా అన్నది ప్రశ్న. యేసు అపొస్తలులను నియమించాడు, అపొస్తలులు బిషప్పులను నియమించారు, ఆ బిషప్పులు వాళ్ల తర్వాతి బిషప్పులను నియమించారు, ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా గురువు గురువు కాడు అన్నది సిద్ధాంతం. దీన్నే అపొస్తలిక పారంపర్యం అంటారు.

ఇప్పుడు మన తెలుగు బైబిలే ముందర పెట్టుకుందాం. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపిస్తాడు. అది 17వ వచనం. 28వ వచనానికి వచ్చేసరికి అదే మనుషులను అధ్యక్షులు అంటాడు. మనం బిషప్పుకు వాడే మాట అదే. తీతు పత్రిక మొదటి అధ్యాయంలో 5, 7 వచనాలు పక్కపక్కన పెట్టి చదివినా ఇదే కనిపిస్తుంది, పెద్ద అన్నా అధ్యక్షుడు అన్నా ఒకడే. ఫిలిప్పీ పత్రిక మొదటి వచనంలో ఆ ఒక్క ఊరి సంఘంలోనే అధ్యక్షులు అనేకమంది. ఊరికొక్క బిషప్పు, ఆయన కింద గురువులు అనే ఏర్పాటు ఈ వచనాల్లో లేదు. ఇంకా తమాషా, తిమోతి మీద ఎవరి చేతులు పడ్డాయి? మొదటి పత్రిక 4:14 ప్రకారం పెద్దల చేతులు. రెండో పత్రిక 1:6 ప్రకారం పౌలు చేతులు. 1947లో మద్రాసులో కొట్లాడిన రెండు పక్షాలకూ చెరొక వచనం! పైగా ఈ పత్రికలు పౌలు రాసినవేనా అని 19వ శతాబ్దం మొదటినుంచీ పండితులు సందేహిస్తూనే ఉన్నారు. ఇవాళ ఎక్కువమంది అవి తర్వాతి తరం రాతలంటున్నారు.

బైబిలు బయట ఏముంది? డిడాకే అనే ఒక పాత చిన్న పుస్తకం ఉంది. అది 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, 1883లో అచ్చయింది. క్రీస్తు తర్వాత మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిందంటారు. అందులో సంఘస్తులతో అధ్యక్షులను, పరిచారకులను మీరే ఎన్నుకోండి అని చెప్పే మాట ఉంది. సుమారు 96లో రోము నుంచి కొరింథుకు వెళ్లిన క్లెమెంటు లేఖలో అపొస్తలులే మొదటి అధ్యక్షులను నియమించారని, వాళ్ల తర్వాత వేరేవాళ్లు ఆ పని అందుకోవాలని ఉంది. పరంపర అన్న ఆలోచనకు బీజం అక్కడుందని ఒప్పుకోవాల్సిందే. కానీ అక్కడా పెద్దలూ అధ్యక్షులూ ఒకటే, ఒక్క బిషప్పు ఊసు లేదు. ఒక్క బిషప్పు చుట్టూ సంఘమంతా తిరగాలని గట్టిగా పట్టుబట్టింది అంతియొకయ ఇగ్నేషియస్, సుమారు 110లో. అంతగా పట్టుబట్టాడంటే అది అప్పటికి అందరూ ఒప్పుకున్న సంగతి కాదని మాకనిపిస్తుంది.

బిషప్పుల వరుస జాబితాను పెద్ద ఆయుధంగా వాడినవాడు ఇరెనేయస్, సుమారు 180లో. ఎందుకు వాడాడో చూడాలి. అపొస్తలులు కొందరికే రహస్య జ్ఞానం చెప్పి పోయారు, అది మా దగ్గరే ఉంది అని వాదించే గుంపులు అప్పుడుండేవి. వాళ్లకు జవాబుగా ఇరెనేయస్, రహస్యమేమీ లేదు, ఇదిగో రోములో ఒకరి తర్వాత ఒకరు బహిరంగంగా బోధించినవాళ్ల పేర్లు అని లెక్క చెప్పాడు. ఆయన లెక్కలో బరువంతా బోధ మీద ఉంది. చేతులనుంచి చేతులకు పాకే ఒక శక్తిగా అది మారింది ఆ తర్వాతే. వేదం చెవిన పడితే సీసం పోయాలన్న దేశంలో, బోధ అందరి ముందరా ఉండాలన్న ఇరెనేయస్ వాదన మనకు పనికొచ్చేదే. మన దాకా వచ్చింది మాత్రం ఆ వాదన కాదు, అభిషేకపు గొలుసు. జెరోము అనే ప్రసిద్ధ పండితుడు కూడా ఒక లేఖలో అలెగ్జాండ్రియా సంగతి రాశాడు. అక్కడ మూడో శతాబ్దం నడిమి దాకా పెద్దలే తమలో ఒకణ్ణి ఎన్నుకుని బిషప్పు అని పేరు పెట్టుకునేవాళ్లని.

ఇదంతా ఎవరో నాస్తికులు తవ్వి తీసింది కాదు. జె.బి. లైట్‌ఫుట్ అనే ఆంగ్లికన్ పండితుడు 1868లోనే, బిషప్పు పదవి పెద్దల గుంపులోంచే క్రమంగా పైకొచ్చిందని రాశాడు. ఆ రాసినాయన తర్వాత డర్హాముకు బిషప్పు కూడా అయ్యాడు! ఇంగ్లండులో బిషప్పు అభిషేకం లేనివాడు గురువుగా ఉండకూడదని చట్టం బిగించింది 1662లో, రాజు మళ్లీ గద్దెనెక్కి ప్యూరిటన్లను వెళ్లగొట్టినప్పుడు. 1833లో ఆక్స్‌ఫర్డులో మొదలయిన ఉద్యమం, పార్లమెంటు చర్చి మీద చెయ్యి వేస్తోందన్న కోపంతో ఈ పారంపర్య సిద్ధాంతాన్ని మళ్లీ దుమ్ము దులిపి నిలబెట్టింది. మన దగ్గరికొచ్చింది ఈ దుమ్ము దులిపిన సరుకే.

దక్షిణాదిలోనే దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరు, తిరుచిరాపల్లి వైపు ఎస్.పి.సి.కె. అనే ఆంగ్లికన్ సంస్థ జీతమిచ్చి పెట్టుకున్న మిషనరీలు జర్మన్ లూథరన్లు. ప్రసిద్ధుడయిన ష్వార్ట్జ్ వాళ్లలో ఒకడు. వాళ్లమీద ఏ ఇంగ్లండు బిషప్పు చెయ్యీ పడలేదు. అయినా బాప్తిస్మాలిచ్చారు, సంస్కారమిచ్చారు, 1790లో సత్యనాథన్ అనే తమిళుణ్ణి గురువుగా అభిషేకించారు కూడా. 1820లలో ఆ సంఘాలన్నిటినీ చేతికి తీసుకున్నది ఎవరంటే మన ఎస్.పి.జి.యే. తంజావూరులో అప్పుడు చెల్లిన చెయ్యి నంద్యాలలో 1947లో ఎందుకు చెల్లకుండా పోయింది?

అయితే నంద్యాల పల్లెల పెద్దలు దొరల మాట విని మోసపోయారని తేల్చేయడానికి మాకు మనసొప్పదు. బడి, హాస్టలు, ఉపదేశి జీతం, ఆసుపత్రి ఈ పేరుతోనే వచ్చాయి. పేరు మారితే అవేమవుతాయోనన్న భయం చిన్నది కాదు. ఇంకొకటి కూడా ఉంది. బనగానపల్లె మనకెంతో దూరం కాదు. పోతులూరి వీరబ్రహ్మం, దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య కథలు పల్లెల్లో ఇంటింటా తెలుసు. గురువు శిష్యుడికి ఉపదేశమిచ్చి, ఆ శిష్యుడు తన శిష్యుడికిచ్చే పరంపర మనవాళ్లకు ఎరికే. గోత్రం లేదు, వంశం లేదు అని ఊరు ఎగతాళి చేసిన మనుషులకు, నీ గురువు గొలుసు పేతురు దాకా, యేసు దాకా పోతుందని చెబితే అది ఎంత గౌరవమో ఊహించుకోవచ్చు. దాన్ని వదులుకోమంటే ఎట్లా వదులుకుంటారు? వాళ్ల పట్టుదలలో ఆత్మగౌరవం ఉంది. ఆ ఆత్మగౌరవాన్ని ఇంగ్లండు తగాదాకు కట్టేసినవాళ్లనే మేం తప్పుపడతాం.

ఎందుకంటే ఆ 28 ఏండ్ల చర్చల్లో ముందుకు కదలకుండా అడ్డుపడ్డ పెద్ద రాయి అభిషేకం, కులం కాదు. ఏ గురువు చేతి రొట్టె చెల్లుతుందన్న దానిమీద లండన్ దాకా ఉత్తరాలు నడిచాయి. మాల సంఘానికి మాదిగ గురువు, మాదిగ సంఘానికి మాల గురువు వస్తే ఆ రొట్టె చెల్లుతుందా అన్నదానిమీద అంత ఇంకు ఖర్చు కాలేదు. అంబేద్కర్ మతం మారినవాళ్ల స్థితి గురించి రాసిన వ్యాసంలో భారత క్రైస్తవులను సరిగ్గా ఇక్కడే నిలదీశాడు, సాంఘిక అన్యాయాల మీద మీ గొంతు ఎందుకు లేవలేదని. ఆ వ్యాసం ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1989లో ఆయన రచనల 5వ సంపుటంలో వచ్చింది. అంతకు ముందే అది మన బైబిలు పాఠశాలల్లో చదివి ఉంటే ఏమయ్యేదో.

ఐక్యత జరిగిన మూడేండ్లకు, 1950లో, రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా హిందువు కానివాణ్ణి ఎస్.సి. జాబితాలోంచి తీసేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రలో వాళ్లకు దక్కింది వెనుకబడిన తరగతుల సి గ్రూపులో ఒక శాతం. క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది ఎప్పుడూ వినపడే వాదన. అది కూడా ఒక సిద్ధాంతమే. ఆ మాట ఏ పల్లెలో నిజమో చూసి చెప్పినవాళ్లు లేరు. బిషప్పు చెయ్యి పడ్డవాళ్లనూ పడనివాళ్లనూ, కలిసినవాళ్లనూ కలవనివాళ్లనూ, నీళ్లు చల్లించుకున్నవాళ్లనూ మునిగినవాళ్లనూ ఆ మూడో పేరా వేరువేరుగా చూడలేదు. మండలాఫీసులో సర్టిఫికెట్టుకు పోయిన పిలగాణ్ణి అడిగే ప్రశ్న "మీ అయ్యగారిని ఎవరు అభిషేకించారు" అని కాదు. "ఆదివారం యాడికి పోతావు?" అని.