ట్రాయ్‌లో అకిలెస్.. పల్నాడులో బాలచంద్రుడు.. పుస్తకం లేకుండా వీరగాథలు ఎలా బతికాయి?

క్రిస్టఫర్ నోలన్ 'ది ఒడిస్సీ' సినిమా ప్రకటనతో గ్రీకు వీరుల పేర్లు మళ్లీ వినిపిస్తున్నాయి. అయితే అలాంటి వీరగాథ మన పల్నాడులోనూ ఉంది. ఈ రెండింటికీ పోలికేంటి? ఇన్ని వందల ఏళ్లు అవి ఎలా నిలిచాయి? తెలుసుకుందాం.

ఇలియడ్‌లో ఏముంది?

హోమర్ పేరుతో ఉన్న కావ్యాలు రెండు. ఇలియడ్‌లో 15 వేలకు పైగా, ఒడిస్సీలో 12 వేలకు పైగా పంక్తులు ఉన్నాయి. పదేళ్ల ట్రాయ్ యుద్ధమంతా ఇలియడ్‌లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఉన్నది పదో ఏట జరిగిన కొన్ని వారాల కథే. సేనాని అగమెమ్నాన్ చేసిన అవమానానికి అలిగిన అకిలెస్ యుద్ధం మానేస్తాడు. ప్రాణస్నేహితుడు పెట్రోక్లస్ చనిపోయాకే మళ్లీ ఆయుధం పడతాడు. హెక్టర్ అంత్యక్రియలతో కథ ముగుస్తుంది. అందరికీ తెలిసిన చెక్క గుర్రం అందులో లేదు. అకిలెస్ మరణం కూడా లేదు.

మన దగ్గర ఏం జరిగింది?

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం నాటిది. గురజాల నలగామరాజు వెనుక నాయకురాలు నాగమ్మ, మాచర్ల మలిదేవరాజు వెనుక బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మలిదేవుడి పక్షం ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. గడువు తీరాక రాయబారానికి వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. దాంతో కారంపూడిలో పోరు తప్పలేదు.

బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడిని తల్లి ఐతాంబ యుద్ధం సంగతే తెలియకుండా పెంచింది. బొంగరం ఆటలో అన్నమ అనే అమ్మాయికి దెబ్బ తగిలితే, ఆమె మాటలతోనే అతనికి అసలు విషయం తెలిసింది. ఇక ఎవరు ఆపినా ఆగలేదు. అకిలెస్‌దీ ఇలాంటి పరిస్థితే. ఇంటికెళ్తే నిండు నూరేళ్లు, ఉండి పోరాడితే చిన్న వయసులో చావు, కానీ చెరగని పేరు. ఇద్దరూ పేరునే కోరుకున్నారు.

ఒక పెద్ద తేడా కూడా ఉంది. ఇలియడ్‌లో వీరులంటే రాజులే. థెర్సిటెస్ అనేవాడు సభలో నోరు విప్పితే ఒడిస్సియస్ కొట్టి కూర్చోబెడతాడు. పల్నాటి కథలో మాత్రం మాల కులానికి చెందిన కన్నమదాసు ముందు వరుస వీరుడు.

అంత కథ ఎలా గుర్తుంటుంది?

దీనికి జవాబు వెతికింది అమెరికా పరిశోధకుడు మిల్మన్ ప్యారీ. 1933-35 మధ్య యుగోస్లావియా గాయకుల పాటలు రికార్డు చేశారు. వాళ్లు బట్టీ పట్టరని, సిద్ధంగా ఉన్న పదబంధాలతో అక్కడికక్కడే కథ అల్లుతారని తేల్చారు. హోమర్ కావ్యాల పద్ధతీ అదేనన్నది ఆయన వాదన. శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో దాన్ని పుస్తకంగా తెచ్చారు.

పల్నాడులోనూ అలాంటి పని జరిగింది. అలిశెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను జీన్ రోగేర్ ఇంగ్లిష్‌లోకి అనువదించి, 1982లో ప్రచురించారు. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యంలో మనకు దొరికింది కథలో కొంత భాగమే. మిగతాదంతా చాలాకాలం గాయకుల గొంతుల్లోనే నిలిచింది.

ఇప్పుడెందుకు పట్టించుకోవాలి?

అకిలెస్ మరణాన్ని చెప్పిన 'ఇథియోపిస్' అనే గ్రీకు కావ్యం ఒకటి ఉండేది. ఇప్పుడు దాని సారాంశం, కొద్ది పంక్తులే మిగిలాయి. పాడేవాళ్లు లేక, రాసినది దక్కక పోతే అంతే. పల్నాటి కథకైనా, తెలంగాణలో ఒగ్గు కళాకారులు చెప్పే మల్లన్న, బీరప్ప కథలకైనా ఇదే ముప్పు. ఒక పెద్ద గాయకుడు పోతే, ఆయన చెప్పే తీరు కూడా ఆయనతోనే పోతుంది.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు.. ఇలా ఐదు రోజులూ కథ నడుస్తుంది. ఈసారి వెళ్తే కాసేపు నిలబడి వినండి. పాడేవాళ్లు ఒప్పుకుంటే చేతిలోని ఫోన్‌లో రికార్డు చేయండి. ప్యారీ బరువైన యంత్రాలు మోసుకెళ్లి చేసిన పని ఇప్పుడు అంత కష్టమేం కాదు.