మాలపల్లి కాలమున ముతకబట్ట

నవలలో వస్త్రవర్ణన కనబడగానే దానిని పాత్రయొక్క కులమునకు, కలిమికి గుర్తుగా లెక్కవ్రాసికొనుట పరిశోధకులలో నొక అలవాటైనది. జరీయంచు ధోవతి భూస్వామికి, గోచి పాలేరునకు. ఈ పట్టిక చాలవఱకు పనిచేయును. కాని గుంటూరుసీమ కథాసాహిత్యమునకు వచ్చునప్పటికి 1921వ సంవత్సరముకడ నిది తెగిపోవును.

ఆ యేడు మార్చి నెలాఖరున బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము 20 లక్షల రాట్నములను నడపింప నిశ్చయించెను. నాటి గుంటూరు జిల్లాలోని చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున, పురపాలకసంఘపు పన్నుల నెదిరించి, ఇండ్లు విడిచి వెడలినదియు ఆ యేడే. అంతకుముందు ముతక నూలుబట్ట లేమికి చిహ్నము. తెలుగు జిల్లాలలో దానిని నేసినవారిలో మాలలు ముఖ్యులు; కట్టినవారును పేదలే. ఖద్దరను పేరుతో అట్టి బట్టయే వకీళ్ల భుజములకెక్కి గౌరవచిహ్నమైనది.

బారిష్టరగు ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు చెఱలో రచించిన 'మాలపల్లి' ఈ మార్పు నడుమ, 1922లో, వెలువడినది. సంగదాసు మాలదాసరి రామదాసు కుమారుడు. అతని మిత్రుడు రామానాయుడు భూస్వామి చౌదరయ్య కుమారుడు. వీరిరువురకును ఒకే ముతకపంచె కట్టించినట్లు ఊహింపుడు. రామానాయుని మేన నది త్యాగము. సంగదాసు మేన, చూచువానికి, అది వాని పుట్టుక. పెట్టెలో సన్నపంచె ఉంచుకొని ముతకది కట్టువాని కట్టు వేఱు, వేఱొకటి లేనివాని కట్టు వేఱు. కావున అర్థము బట్టలో లేదు. దానిని కాదనగల శక్తిలో నున్నది. ప్రత్తి పండిన ఈ నల్లరేగడి నేలలలో పాలేరునకు ఏటి జీతములో ధాన్యముతోపాటు పంచెయు, చెప్పులజతయు నిచ్చుట పలుచోట్ల ఆచారము. అతని ఒంటిమీది బట్ట అతని రుచిని కాదు, ఆసామి పద్దును తెలుపును. ఈ సంగతి మఱచి పాలేరుల వస్త్రధారణపై చేసిన సిద్ధాంతములు కొన్ని నాకు వట్టి ఊహలుగా తోచినవి.

ఇచట గురజాడ 'కన్యాశుల్కము'తో పోల్చి చూడవచ్చును. అందు ఆడువేషము వేసిన శిష్యుడు లుబ్ధావధానులకు పెండ్లికూతురుగా అమ్ముడుపోవును. మధురవాణి పురుషవేషమున సౌజన్యారావు ఇంట బ్రవేశించును. ఎదుటివాడు వేషమును నమ్ముటయే ఆ హాస్యమునకు మూలము. అపరిచితుల నడుమనే అది చెల్లును. తాతముత్తాతలనుండి ఒకరినొకరెఱిగిన పల్లెలో వేషము ఎవ్వరిని దాచలేదు. సంగదాసు ఎంత చదివినను, ఏమి కట్టినను, చౌదరయ్య కంటికి మాలవాడే. తుదకు వాని చేతనే హతుడగును.

మాలపల్లిలోని చెఱసాల ఘట్టములను ఈ దృష్టితో వేఱుగా పరిశీలింపవలసియున్నది. అచట బట్ట యిచ్చువాడు ఆసామి కాడు, ప్రభుత్వము.