కారుకి రికార్డుందా?

హైదరాబాద్ మదీనాగూడ దీప్తిశ్రీనగర్‌లో ఉండే మా మేనల్లుడికి ఈమధ్య స్పోర్ట్స్ కారు పిచ్చి పట్టింది. కొత్తది కొనేంత స్థోమత లేదు కాబట్టి పాతదైనా పర్లేదట. చిన్నదై ఉండాలి, చురుగ్గా ఉరకాలి, జేబుకి చిల్లు పెట్టకూడదు. ఆదివారం పొద్దున్నే నన్ను వెంటేసుకుని ముంబై హైవే మీది కార్ల కన్సల్టెన్సీలన్నీ తిప్పాడు. ఎక్కడ బోనెట్ ఎత్తినా వినిపించింది ఒకటే మాట: "సర్వీసు రికార్డుంది సార్!" సరే, నిజంగా రికార్డులున్న చిన్న కార్లేవో చూద్దామని కూర్చుంటే ఈ వింతలన్నీ బయటపడ్డాయి.

ఎక్కువమంది ఇంటికి చేరింది

రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అమ్ముడైంది జపాన్‌వారి మాజ్డా ఎంఎక్స్-5. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించింది. 2000లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2016 ఏప్రిల్‌లో పదిలక్షలవ కారు తయారైంది. ఇంత గిరాకీ వేగం వల్ల వచ్చింది కాదు. తొలి మోడల్‌లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజినే. కానీ బరువు టన్నులోపే, ధర మధ్యతరగతికి అందేదే. మలుపు తిప్పితే కారు మాట వింటుంది, అదే దాని కిటుకు. ఆ కారు మాత్రం మన దేశపు షోరూముల దాకా రాలేదు. మాజ్డా అంటే మనకి గుర్తొచ్చేది స్వరాజ్ మాజ్డా స్కూలు బస్సే.

టాపు తీసే దేశీ బండి

మనకంటూ రెండు సీట్ల కారు లేకపోలేదు. 1990ల చివర గోవాలోని శాన్ మోటార్స్ 'స్టార్మ్' అనే బుల్లి కారు చేసింది. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, రెనో కంపెనీ 1,149 సీసీ ఇంజిను, పైకప్పు తీసేసుకునే సదుపాయం. చూపు మాత్రం స్పోర్ట్స్ కారుదే, పరుగు మామూలు హ్యాచ్‌బ్యాక్‌ది. ఇప్పుడెక్కడైనా కనిపిస్తే ఫొటో తీసుకోవాల్సిందే. కొనాలనుకుంటే మాత్రం ముందు ఫైబర్ పని తెలిసిన మేస్త్రీని వెతుక్కోవాలి.

వేళ్ల మీద లెక్కపెట్టేవి

2003లో మారుతి జెన్‌ని మూడు తలుపులతో 'కార్బన్', 'స్టీల్' పేర్లతో మూడేసి వందలు మాత్రమే చేసింది. 2016లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐని 99 కార్లకే పరిమితం చేసి తెచ్చింది. మూడు తలుపులు, 1.8 లీటర్ల టర్బో, ఎక్స్-షోరూమ్ ధర రూ.25.99 లక్షలు. పోలోకి అంత పోస్తారా అని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. మన ఊరి సంగతి చూడండి మరి. 2024లో ఖైరతాబాద్ ఆర్‌టీఏ వేలంలో టీజీ 09 9999 నంబరు ఒక్కటే రూ.25.5 లక్షలు పలికింది. కారు కాదు, ఒట్టి నంబరే!

హార్స్‌పవర్ ఎంత పడింది?

కూరగాయలకి కిలో ధర చూసినట్టే, ఈ కార్లకి ఒక్కో హార్స్‌పవర్ ఎంత పడిందో చూశాను. విడుదలనాటి ఎక్స్-షోరూమ్ ధరని పవర్‌తో భాగిస్తే వచ్చిన అంకెలివి. 2016 పోలో జీటీఐ: సుమారు రూ.13,500. 2013 పోలో జీటీ టీఎస్ఐ (రూ.7.99 లక్షలు, 105): రూ.7,600. 2015 అబార్త్ పుంటో (రూ.9.95 లక్షలు, 145): రూ.6,900. వీటిలో అన్నిటికన్నా చవక 2018 టాటా టియాగో జేటీపీ (రూ.6.39 లక్షలు, 114). హార్స్‌పవర్ రూ.5,600కే వచ్చేసింది! దాన్ని టాటాతో కలిసి తీర్చిదిద్దింది కోయంబత్తూరు జయెం కంపెనీ. ఆ జోడీ 2020లో విడిపోయింది. మన దేశంలో ఫియట్ పుంటో తయారీ 2019 నాటికి ఆగిపోయింది, పోలోది 2022తో. అందుకే పవర్ చవగ్గా వచ్చిందని సంబరపడకముందే బంపరు, టర్బో, క్లచ్ ప్లేటు ఎక్కడ దొరుకుతాయో, ఎన్నాళ్లకి వస్తాయో మెకానిక్‌నడగాలి.

తక్కువ వేగంలో పెద్ద పరీక్ష

అవుటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు, అక్కడ గరిష్ఠ వేగం గంటకు 120. అమ్మేవాడు ట్రయల్‌కి అటే తీసుకెళ్తానంటాడు. వద్దు, సాయంత్రం ఏడింటికి ఆల్విన్ చౌరస్తా నుంచి చందానగర్ దాకా నడపండి. పోలో జీటీ టీఎస్ఐలో ఉండేది ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్. ఇలాంటి గేర్‌బాక్స్ బాగోగులు అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లోనే తెలుస్తాయి. ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు వణుకో, దడదడో ఉంటే దండం పెట్టి దిగిపోవాలి.

నంబరు ప్లేటు జాతకం

2014 జూన్‌కి ముందు కొన్న కారైతే ఏపీ, ఆ తర్వాతిదైతే టీఎస్, 2024 మార్చి తర్వాతిదైతే టీజీ. డీఎల్ కనిపిస్తే ఇంకాస్త ఆరా తీయాలి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద ఆంక్షలొచ్చాక అక్కడి కార్లు చవగ్గా దక్షిణాదికి దిగాయి. అక్కడి ఆర్‌టీవో ఇచ్చిన ఎన్‌వోసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, మళ్లీ రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి చూస్తే ఆ చవక కాస్తా ఆవిరైపోతుంది.

మునిగి తేలినవి

2020 అక్టోబరు 13న హైదరాబాద్ మీద ఆకాశం విరుచుకుపడింది. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్ల పైన కురిసింది. ఎన్నో సెల్లార్లలో కార్లు సీట్ల దాకా మునిగాయి. అలాంటి కారుని కడిగి, పాలిష్ పెట్టి నిలబెడితే కంటికి తేడా తెలీదు. సీటు బెల్టుని మాత్రం చివరికంటా లాగి చూడండి. రోజూ బయటికి రాని ఆ ఆఖరి జానెడు ముక్క మీద బురద గీత ఉండిపోతుంది. దాన్నెవరూ కడగరు.

48 లక్షల కిలోమీటర్లు

అమెరికాలో లాంగ్ ఐలాండ్‌కి చెందిన బడిపంతులు ఇర్వ్ గార్డన్ 1966లో వోల్వో పీ1800 అనే చిన్న స్పోర్ట్స్ కారు కొన్నాడు. 2013 సెప్టెంబరులో అలాస్కాలో దాని మీటరు 30 లక్షల మైళ్లు దాటింది. అంటే 48 లక్షల కిలోమీటర్ల పైమాటే! ఒకే యజమాని, ఒకే కారు, గిన్నిస్ రికార్డు. మంత్రమేమిటని అడిగితే కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు వేళకి ఆయిలు మార్చడమేనని చెప్పేవాడు.

ఇక మా రికార్డు

ఆ ఆదివారం చివరి కన్సల్టెన్సీలో ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఒకటి మావాడికి తెగ నచ్చింది. మీటరు 48 వేలు చూపిస్తోంది. "సింగిల్ హ్యాండ్ సార్, రికార్డుంది" అంటూ ప్లాస్టిక్ ఫోల్డరు మా చేతిలో పెట్టాడు. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చూశాను: 2317. అంటే 2017లో 23వ వారం. కారు వయసుకి సరిపోయింది, కంపెనీ టైర్లే. మావాడు అడ్వాన్సుకి ఫోన్ తీశాడు కూడా. అంతలో ఫోల్డర్లో అడుగున మడతపెట్టి ఉన్న 2021 నాటి సర్వీసు బిల్లు నా చేతికి తగిలింది. కిలోమీటర్ల గడిలో 61,240 అని ఉంది.

మావాడు బిల్లు చూశాడు, మీటరు చూశాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మామయ్యా, గార్డన్ కారు ఎంత తిరిగినా ముందుకే కదా తిరిగింది" అన్నాడు బయటికొస్తూ. "ఇది వెనక్కి తిరిగింది. రికార్డంటే ఇదే!"