ఖాళీ, సున్న, చెల్లని రాత: వర్షపాత పత్రంలో ఐచ్ఛిక సంఖ్యా గడుల సరిచూత

విజయనగరం జిల్లా శృంగవరపుకోట అనంతగిరి కొండల దిగువన ఉంది. కొండ మీద కురిసిన వాన ఊళ్ళో కురవకపోవచ్చు. కనుక అక్కడి వర్షమాపకపు కొలతను పొరుగు మండలపు అంకెతో భర్తీ చేయడం తగదు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో కరవును మండలం ప్రాతిపదికగా ప్రకటిస్తారు. వాన లేని రోజుల వరుస కూడా ఆ నిర్ణయంలో ఒక కొలమానం. ఇటువంటి కొలతలను స్వీకరించే వెబ్ పత్రాన్ని రూపొందించవలసివస్తే, వర్షపాతపు గడిని ఐచ్ఛికంగా ఉంచడమే సముచితం. మాపకం చూడని రోజున గడి తప్పనిసరి అయితే, నమోదు చేసేవారు సున్న వేసి ముందుకు సాగుతారు.

ఖాళీ అంటే కొలవలేదని, సున్న అంటే కొలిచినా వాన లేదని అర్థం. జావాస్క్రిప్టులోని నంబర్ ప్రమేయం ఖాళీ స్ట్రింగ్‌ను 0గా మారుస్తుంది. దీనికి విపర్యయమూ అంతే సాధారణం: విలువ ఉన్నదా అని మాత్రమే అడిగే షరతు 0ను అసత్యంగా గణించి, నమోదైన సున్నను ఖాళీగా వదిలేస్తుంది. ఐదు రోజుల కొలతలు 30, 0, 0, ఖాళీ, 0 మిల్లీమీటర్లు అనుకుంటే, కొలిచిన రోజుల సగటు 7.5. ఖాళీని సున్న చేస్తే అది 6 అవుతుంది. సున్నలను ఖాళీ చేస్తే 30. ఈ రెండవ దోషంలో కరవు లెక్కకే అందదు. రైతు పక్షాన చూస్తే ఇదే ఎక్కువ ప్రమాదకరం.

చెల్లని రాత మూడవ స్థితి. హెచ్‌టీఎంఎల్ సంఖ్యా గడిలో సంఖ్య కానిది టైపు చేస్తే, బ్రౌజరు స్క్రిప్టుకు ఖాళీ స్ట్రింగ్‌నే అందిస్తుంది. బ్యాడ్‌ఇన్‌పుట్ సూచికను పరీక్షించనిదే భేదం తెలియదు. పంటనష్టపు గడిని పాఠ్యరూపంలో ఇచ్చి పార్స్‌ఫ్లోట్‌తో చదివితే, 1,50,000 కాస్తా మొదటి కామా దగ్గర తెగి 1 అవుతుంది. తెలుగు అంకెలలో ౧౨ అని వ్రాస్తే పైథాన్ దానిని 12గా స్వీకరిస్తుంది, జావాస్క్రిప్టు సంఖ్యే కాదంటుంది.

కాబట్టి సంఖ్యగా మార్చడానికి ముందే ఖాళీని గుర్తించి, నల్‌గా భద్రపరచాలి. తక్కిన రాత ఆసాంతం సంఖ్యారూపంలో ఉన్నదో లేదో చూసి, ఆ తర్వాతే అవధిని పరీక్షించాలి. బ్రౌజరు పరీక్షను దాటవేయడం సులభం గనుక సర్వరులోనూ ఇదే క్రమం అవసరం. డేటాబేస్ నిలువు వరుసకు 0ను అప్రమేయ విలువగా ఇవ్వరాదు. ఎస్‌క్యూఎల్ సగటు ప్రమేయం నల్‌ను తనంతట తానే విడిచిపెడుతుంది.

కింది అవధి 0 అనడంలో వివాదం లేదు. పై అవధి విషయంలో మాత్రం తిరస్కారం కంటే హెచ్చరిక మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటింది. మామూలు రోజులను బట్టి గీసిన గీత అటువంటి రోజు కొలతనే నిరాకరిస్తుంది.