‘ఇప్పుడేం చదువుతున్నారు?’ అంటే ఏం చెప్పాలి?

పుస్తకాలు చదివేవాళ్లు ఇద్దరు కలిస్తే కుశలప్రశ్నలు అయ్యీ అవగానే వచ్చే ప్రశ్న ఇది. అడిగేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, చిక్కంతా జవాబు చెప్పేవాళ్లదే. కొందరు ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివిన పెద్ద పుస్తకం పేరు గబుక్కున చెప్పేస్తారు. కొందరు ‘ఎక్కడండీ, టైమే దొరకట్లేదు’ అని తప్పించుకుంటారు. దిండు కింద ఉన్నది మధుబాబు షాడో నవల అయితే ఆ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ‘వేయిపడగలు’ మొదలుపెట్టి రెండేళ్లయినా వందో పేజీ దాటకపోతే ఆ సంగతి అసలు బయటికే రాదు. పూర్తి చేశాకే మాట్లాడాలి, మాట్లాడితే గొప్ప పుస్తకం గురించే మాట్లాడాలి అని మనకు మనమే పెట్టుకున్న నియమాలు రెండున్నాయి. రెండూ అక్కర్లేనివే. అందులో మొదటిది మరీనూ.

ఎందుకంటారా? పుస్తకం అయిపోయాక మనం చెప్పేది తీర్పు. ‘బాగుంది’, ‘చివర్లో తేలిపోయింది’, ‘తప్పక చదవండి’. విన్నవాళ్లు తలూపడం తప్ప చేసేదేమీ ఉండదు. సగంలో ఉన్నప్పుడు తీర్పు ఇంకా తయారవదు, ఎటూ తేలని అనుమానాలే ఉంటాయి. ఎదుటివాళ్లు మాట కలపడానికి సందు దొరికేది అక్కడే.

డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ చదువుతున్నారనుకుందాం. ‘ఏం చదువుతున్నావు వదినా?’ అని ఆడపడుచు అడిగింది. ‘కాలాతీత వ్యక్తులు. బాగుంది.’ ‘ఓహో.’ సంభాషణ సమాప్తం, ఇక కూర ఏం వండాలన్న చర్చే మిగులుతుంది. అదే ప్రశ్నకు ఇలా చెప్పి చూడండి: ‘సగానికి వచ్చాను. ఈ ఇందిర మీద కోపం తెచ్చుకోవాలో, దాని గుండె నిబ్బరం చూసి మెచ్చుకోవాలో తెలియట్లేదమ్మా. కళ్లు సరిగా కనపడని తండ్రిని పోషిస్తోంది, ఇంటి బరువంతా తనదే. ఆ కల్యాణితో స్నేహంగా ఉన్న ప్రకాశాన్ని తన వైపు తిప్పుకున్న తీరు చూస్తే మాత్రం ఒళ్లు మండుతోంది.’ ఇప్పుడు ఆడపడుచు ఆ నవల చదివినా, చదవకపోయినా ఊరుకోలేదు. చదివి ఉంటే ‘నాకూ అక్కడ అలాగే అనిపించింది, ముందుకెళ్లు, చెబుతాను’ అంటుంది. చదవకపోతే ‘తండ్రి బాధ్యత మోసే పిల్లకి తనకంటూ ఏదీ కోరుకునే హక్కు లేదా?’ అని ఇందిర తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది. పుస్తకం మొహమైనా చూడకుండా వాదనకి దిగడం మనవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. దిగనివ్వండి. మర్నాడు మీరు తర్వాతి అధ్యాయం చదివేటప్పుడు ఆ వాదన మీ పక్కనే ఉంటుంది.

ఆ నవల 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. సీరియల్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, పాఠకులంతా ఒకేచోట ఆగి ఉంటారు. తర్వాతి సంచిక వచ్చేదాకా తరవాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. యద్దనపూడి ‘సెక్రటరీ’ అయినా, యండమూరి ‘తులసిదళం’ అయినా మొదట చదివినవాళ్లు అలా ఆగి ఆగి చదివినవాళ్లే. పత్రిక ఒక ఇంట్లో కొంటే వీధిలో నాలుగిళ్లు తిరిగేది, దాంతోపాటు ఊహాగానాలూ తిరిగేవి. దానికి ముందు సంగతి చూసినా అంతే. పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదివితే ఒకరు అర్థం చెప్పేవారు, ఊరు వినేది. గ్రంథాలయోద్యమం రోజుల్లో అక్షరాలు రానివాళ్లను కూర్చోబెట్టి పత్రికలూ పుస్తకాలూ చదివి వినిపించేవారు. ఒంటరిగా, పెదవి కదపకుండా చదువుకోవడం మన దగ్గర మరీ అంత పాత అలవాటేం కాదు.

ఇప్పుడు ఎవరి పుస్తకం వాళ్లది, ఎవరి పేజీ వాళ్లది. అప్పట్లో పత్రిక చేసిన పని ఇప్పుడు మనమే చెయ్యాలి. అందుకే పేరు చెప్పగానే ఎక్కడిదాకా వచ్చామో కూడా చెప్పాలి. ‘మొదలుపెట్టాను, ఇంకా ఊరి వర్ణన దగ్గరే ఉన్నాను’ అన్నా చాలు, అవతలివాళ్లకి ఎంతవరకు మాట్లాడవచ్చో తెలుస్తుంది.

ఇందులో చెప్పేవాళ్లకేం లాభం? జ్ఞాపకం. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు 2006లో ఒక పరిశోధన వెలువరించారు. విద్యార్థులకి చిన్న పాఠాలు ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని పాఠం పక్కన పెట్టి గుర్తున్నంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లకే ఎక్కువ మిగిలింది. రాత్రి నలభై పేజీలు చదివి, పొద్దున కాఫీ తాగుతూ ఇంట్లోవాళ్లకి ఆ కథ చెప్పబోతే రెండు పేర్లు తారుమారవుతాయి, ఎవరు ఎవరికి మేనత్తో మరిచిపోతాం. ఆ తడుముకోవడం వృథా కాదన్నమాట.

చదవబోయే పుస్తకాల విషయంలో మాత్రం కాస్త నోరు కట్టుకోవడం మంచిది. విజయవాడ పుస్తక ప్రదర్శన నుంచో, హైదరాబాద్ బుక్ ఫెయిర్ నుంచో సంచులు నింపుకొచ్చి, మంచం మీద పేర్చి, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాం. యాభై లైకులు వస్తాయి, పుస్తకాలు బీరువాలోకి వెళ్తాయి. మనస్తత్వ పరిశోధకుడు పీటర్ గోల్విట్జర్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో న్యాయశాస్త్ర విద్యార్థులు కూడా ఉన్నారు. బాగా చదివి మంచి లాయర్లం అవుతామన్న తమ సంకల్పాన్ని వేరొకరు గమనించారని తెలిసినవాళ్లు, ఆ పైన ఇచ్చిన పని మీద తక్కువసేపు కూర్చున్నారు. నలుగురూ గుర్తించేసరికి సగం దారి వచ్చేసినట్టే అనిపిస్తుందని వాళ్ల వివరణ. యాభై లైకులు చూశాక మొదటి పేజీ తిప్పడానికి బద్ధకం ఎందుకొస్తుందో నాకు ఇందులో కొంత అర్థమైంది.

మరి కథ బయటపెడితే రసం పోదా? 2011లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు కొన్ని కథల ముగింపు ముందే చెప్పేసి చదివించి చూస్తే, పాఠకులు అవే ఎక్కువ ఇష్టపడ్డారు. తర్వాత వచ్చిన అధ్యయనాలు కొన్ని దీంతో ఏకీభవించలేదు. రాముడు గెలుస్తాడని తెలిసే తరతరాలుగా హరికథ వింటున్న మనకి ఆ మొదటి ఫలితం వింతేమీ కాదు. అలాగని హంతకుడి పేరు చెప్పేయడానికి అది లైసెన్సు కాదు. అద్దె లైబ్రరీ డిటెక్టివ్ నవల మూడో పేజీలోనే పెన్సిల్‌తో ఆ పేరు రాసిపెట్టిన మహానుభావులను తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకునేవాళ్లున్నారు. సగంలో ఉన్నవాళ్లతో ఈ భయం లేదు, వాళ్లకే ముగింపు తెలియదు కదా. నిగ్రహం కావలసింది ఆ పుస్తకం ముందే చదివేసిన పెద్దమనుషులకి.

పిల్లలని వాళ్లు చదువుతున్న పుస్తకం గురించి అడిగేటప్పుడు ‘ఇందులో నీతి ఏమిటి?’ అనకండి. ‘ఎక్కడ ఆపావు?’ అనండి, చాలు.

మధ్యలో వదిలేసిన పుస్తకం సంగతి? దాన్నీ చెప్పాలి, ఎక్కడ వదిలేశారో, ఎందుకు వదిలేశారో కలిపి. నవీన్ ‘అంపశయ్య’ని ముప్పై పేజీల దగ్గర పక్కన పెట్టినవాళ్లు చాలామందే ఉంటారు. ‘ఎంతకీ కథ మొదలవదేమిటి?’ అన్నది వాళ్ల ఫిర్యాదు. తెలిసినవాళ్ల చెవిన పడితే, అది ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే కుర్రాడి ఒక్క రోజు అనీ, వాడి బుర్రలో పరిగెత్తే ఆలోచనలే అందులో కథ అనీ చెబుతారు. ఏం ఎదురుచూడకూడదో తెలిశాక ముప్పై ఒకటో పేజీ తేలికవుతుంది. ఒక్కోసారి అదీ జరగదు, పుస్తకం మనకు పడదు, అంతే. ఎక్కడ పడలేదో చెబితే ‘నాకు సరిగ్గా అలాంటిదే కావాలి’ అని ఇంకొకరు దాన్ని పట్టుకుపోతారు.

అన్నట్టు, పట్టుకుపోవడం గురించి ఒక మాట. చేతిలో ఉన్న పుస్తకం ఊరించేలా చెబితే ‘అయ్యాక నాకిస్తారా?’ అనే ప్రశ్న తప్పదు. ఇవ్వదలిస్తే మీ పేరు లోపలి అట్ట మీద రాసి, ఎవరికి ఏ తేదీన ఇచ్చారో ఫోన్‌లో నోట్ చేసుకోండి. నెల గడిచాక తిరిగి ఇమ్మని అడగడానికి మొహమాటమైతే ఫోన్ చేసి, ఎంతవరకు వచ్చారని అడగండి.