ఖాతాలో రంగుగుర్తు – ఏ గడిని కన్ను ముందుగా చూడాలి?

సరిహద్దు గ్రామాలలో అరువు పద్దు కొత్త విషయం కాదు. విత్తనాలు, ఎరువులు, పశువుల దాణా అమ్మే దుకాణాలలో పంట చేతికి వచ్చేవరకు సరుకు అరువిచ్చే వాడుక తరతరాలుగా ఉన్నదే. దినవారీ లెక్క చిఠాలోను, మనిషివారీ లెక్క ఆవర్జాలోను వ్రాసేవారు. బాకీ తీరగానే ఆ పద్దును అడ్డగీతతో కొట్టివేసేవారు. పుట తిప్పిన గుమాస్తాకు ఆ గీత కంటబడితే చాలు, ఇక చదవవలసిన పని ఉండేది కాదు.

నేడు అనేక దుకాణాలలోను, పాల కేంద్రాలలోను ఆవర్జా స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. ఖాతాదారుల వివరాలను భద్రపరచే ఈ సాఫ్ట్‌వేర్‌ను సీ.ఆర్.ఎం. అంటారు. ఒక్కొక్క ఖాతాదారునికి ఒక్కొక్క రికార్డు ఉంటుంది. పేరు, ఊరు, ఫోను, బాకీ, గడువు తేదీ వంటి ఒక్కొక్క వివరానికి ఒక్కొక్క గడి ఉంటుంది. దానినే ఫీల్డు అంటారు. గడులు ఇరవై ముప్పై ఉండి, అన్నీ ఒకే నల్లని అక్షరాలలో కనిపిస్తే, ముఖ్యమైనదేదో కంటికి ఆనదు. తీర్చిన బాకీ కోసం ఖాతాదారునికి మళ్లీ ఫోను వెళ్లడం ఇటువంటి పొరపాటు వల్లనే జరుగుతుంది. పల్లెలో అది లెక్క తప్పుగా మిగలదు. నలుగురిలో ఒక కుటుంబం మాట పడినట్లవుతుంది.

కంటి స్వభావం

నల్లని గింజల రాశిలో ఒక్క ఎర్రగింజ ఉంటే దానిని వెదకనక్కరలేదు, అదే కనబడుతుంది. నల్లగింజలు పది ఉన్నా, వంద ఉన్నా పట్టే కాలంలో పెద్ద తేడా ఉండదు. దృష్టి ఈ విధంగా ఎందుకు పనిచేస్తుందో వివరించే సిద్ధాంతాన్ని ఏన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలాడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1980లో ప్రకటించారు. వారు చూపిన రెండవ సంగతి కూడా గమనింపదగినది. రంగు, ఆకారం రెండూ కలిస్తేనే గుర్తుపట్టవలసిన వస్తువును మాత్రం కన్ను ఒక్కొక్కటిగా వెదకవలసి వస్తుంది. కనుక తెరమీద ఆరేడు రంగులు పులిమితే అసలు ప్రయోజనమే పోతుంది. రెండు మూడు గుర్తులు చాలు. గుర్తు లేకపోవడం కూడా ఒక సమాచారమే.

నియమాల వరుస

గుర్తును మనిషి పెట్టడు, నియమం పెడుతుంది. ఎక్సెల్‌లో దీనిని కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు. 1997 నాటి ఎక్సెల్‌లో ఒక గడికి మూడు నియమాలు మాత్రమే పెట్టగలిగేవారు; 2007 కూర్పులో ఆ పరిమితి సడలి, బొమ్మగుర్తులు కూడా వచ్చాయి. సేల్స్‌ఫోర్స్‌లో ఇమేజ్ అనే సూత్రం ద్వారా గడిలో ఎరుపు, పసుపు, పచ్చ జెండాల బొమ్మలు చూపవచ్చు. చెన్నై ప్రధాన కేంద్రంగా ఉన్న జోహో సంస్థ వారి సీ.ఆర్.ఎం.లో ఒక గడిలో నింపిన విలువను బట్టి మరికొన్ని గడులను చూపడానికి, తప్పనిసరి చేయడానికి వీలున్నది.

సాధనం ఏదైనా నియమాల వరుసే ప్రాణం. ఒక ఉదాహరణ చూద్దాం. నేడు జూన్ 15 అనుకుందాం. మొదటి ఖాతాలో బాకీ 4,200 రూపాయలు, గడువు జూన్ 10. రెండవదానిలో బాకీ సున్న, గడువు జూన్ 2. మూడవదానిలో బాకీ 1,500, గడువు జూన్ 18. నాల్గవదానిలో బాకీ 900, తేదీ గడి ఖాళీ.

‘గడువు నేటికంటె ముందైతే ఎరుపు’ అని ఒక్క నియమమే పెడితే ఏమవుతుంది? మొదటి ఖాతా ఎర్రబడుతుంది, అది సరియే. కాని బాకీ తీర్చిన రెండవ ఖాతాదారుడు కూడా ఎరుపులో పడతాడు. ఎక్సెల్ ఖాళీ గడిని సున్నగా లెక్కిస్తుంది, సున్న ఏ తేదీకంటె అయినా చిన్నదే. కాబట్టి నాల్గవ ఖాతా సైతం ఎర్రబడుతుంది. ఇద్దరికి అన్యాయం జరిగినట్లే.

అందువలన వరుస ఈ విధంగా ఉండాలి. బాకీ సున్న అయితే ఏ గుర్తూ వద్దు, అక్కడితో ఆగాలి. బాకీ ఉండి తేదీ ఖాళీ అయితే బూడిదరంగు, ‘తేదీ లేదు’ అన్న మాట. గడువు దాటితే ఎరుపు, ‘గడువు దాటినది’. ఏడు రోజులలోపు ఉంటే పసుపు, ‘గడువు దగ్గరపడినది’. మిగిలినవాటికి గుర్తు అక్కరలేదు. ఈ వరుసలో మొదటి ఖాతాకు ఎరుపు, మూడవదానికి పసుపు, నాల్గవదానికి బూడిదరంగు వస్తాయి. రెండవది నిర్మలంగా ఉంటుంది.

రంగు ఒక్కటే చాలదు

ఎరుపు, పచ్చల తేడా తెలియనివారు లోకంలో ఉన్నారు. ఈ లోపానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉండడం వలన స్త్రీలలోకంటె పురుషులలో ఇది ఎక్కువ. ఆహార పొట్లాలపై శాకాహారానికి పచ్చని చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేవి. 2020 నాటి నిబంధనలలో మాంసాహార గుర్తును త్రికోణంగా మార్చారు. రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది గదా! ఖాతాలోను అదే పద్ధతి మేలు: రంగుతోపాటు ఒక మాటగాని ఆకారంగాని తప్పక ఉండాలి. కాగితం మీద నలుపు తెలుపులలో అచ్చు తీసినప్పుడు కూడా ఆ మాటే ఆదుకుంటుంది.

సరిహద్దు అవసరాలు

హోసూరు, బళ్లారి వంటి చోట్ల ఒకే దుకాణానికి రెండు మూడు భాషలవారు వస్తారు. ‘మాట్లాడే భాష’ అనే గడిని పేరు ప్రక్కనే ఉంచి, ‘తె’, ‘క’, ‘త’ అన్న అక్షరగుర్తు చూపితే ఫోను చేసేవారు సరియైన భాషలోనే పలకరించగలరు. పేరు విషయం మరింత జాగ్రత్త కోరుతుంది. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాస్తారు. తమిళనాడు పత్రాలలో సాధారణంగా తండ్రి పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. అందుచేత ఒకే మనిషి రెండు ఖాతాలలో చేరి, ఒక ఖాతాలో చెల్లించిన సొమ్ము మరొక ఖాతాలో బాకీగా మిగిలిపోవచ్చు. ఒకే ఫోను నెంబరు రెండు రికార్డులలో కనబడితే గుర్తు పెట్టే నియమం ఒకటి ఉంటే ఈ చిక్కు బయటపడుతుంది. అయితే ఒక ఇంట్లో నలుగురికి ఒకే ఫోను ఉండవచ్చును గనుక, ఆ గుర్తు ‘సరిచూడుము’ అనే చెప్పాలి, ‘తప్పు’ అని చెప్పరాదు.

చివరిగా ఒక మర్యాద. ఎర్రగుర్తు పద్దుకే గాని మనిషికి కాదు. దానిని పేరు మీద కాక గడువు గడి మీదనే ఉంచాలి. తెరను కొనుగోలుదారుల వైపు త్రిప్పి ఉంచరాదు. తన ఖాతాకు ఆ గుర్తు ఎందుకు వచ్చినదని ఖాతాదారుడు అడిగితే, బాకీ, తేదీ చూపి కారణం చెప్పగలగాలి. వెనుకటి ఆవర్జాలో కొట్టివేత గీతకు ఉన్న విలువ అదే: బాకీ తీరినదని దుకాణదారునికీ, రైతుకూ ఒకే విధంగా తెలిసేది. తెరమీది గుర్తుకు కూడా ఆ నమ్మకం ఉన్నప్పుడే అది ఉపయోగపడుతుంది.