అసత్యమని తేల్చవలసింది ఎవరు?
పత్రికలపై చట్టాలు: ఘనా అనుభవం, మన అనుభవం

కటవారియా సరాయ్ (న్యూఢిల్లీ): సివిల్స్ పరీక్షలకు చదివే యువకులున్న తెలుగు ఇళ్లలో దక్షిణ ఢిల్లీలోని ఈ పేటను ఎరుగనివారు తక్కువ. ఇరుకు సందులు, గదులు అద్దెకిచ్చే బోర్డులు, జిరాక్సు దుకాణాలు, ఒకవైపు ఐఐటీ, మరోవైపు జేఎన్‌యూ. ఇక్కడికి కాలినడకన చేరుకోదగిన దూరంలోనే భారతీయ జనసంచార సంస్థ ఉంది. కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో 1965 ఆగస్టు 17న ప్రారంభమైన ఈ సంస్థ మన విలేకరులకే గాక, అలీన, వర్ధమాన దేశాల నుంచి వచ్చే పాత్రికేయులకు కూడా దశాబ్దాల తరబడి శిక్షణ ఇస్తూ వచ్చింది. అలా వచ్చినవారిలో పశ్చిమాఫ్రికా వారు కూడా ఉన్నారు.

పత్రికా రచన నేర్పే బడిని ప్రభుత్వమే నడపడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆ విషయాన్ని అలా ఉంచితే, పశ్చిమాఫ్రికాకూ మనకూ మధ్య ఈ రంగంలో ఉన్న బంధం ఈ సంస్థతో మొదలైనది కాదు. అది అంతకంటే పాతది. అక్కడి ఒక పత్రికపై నడిచిన కేసు మన దేశంలో రాజద్రోహ నేరానికి అర్థం చెప్పడానికి ఉపయోగపడిందన్న సంగతి న్యాయవాదులకు తప్ప అంతగా తెలియదు.

నేటి ఘనా దేశానికి ఆనాటి పేరు గోల్డ్ కోస్ట్. రాజధాని ఆక్రా నుంచి వెలువడే 'ఆఫ్రికన్ మార్నింగ్ పోస్ట్' పత్రికలో 1936 మే నెలలో ఒక వ్యాసం వచ్చింది. రాసినది సియెర్రా లియోన్‌కు చెందిన కార్మిక నాయకుడు వాలెస్ జాన్సన్. పత్రికా సంపాదకుడు న్నమ్డి అజికివే. నాగరికత నేర్పుతామంటూ వచ్చిన ఐరోపా పాలకులు చేస్తున్నదేమిటని నిలదీసిన ఆ వ్యాసంపై వలస ప్రభుత్వం రాజద్రోహం కేసు పెట్టింది. ఇద్దరికీ శిక్ష పడింది. ఆ సంచిక వెలువడిన నాడు సంపాదకుడు ఆయనేనన్నది రుజువు కాలేదంటూ పైకోర్టు అజికివేను విడిచిపెట్టింది. ఆయనే 1963లో నైజీరియా తొలి అధ్యక్షుడయ్యారు. వాలెస్ జాన్సన్‌కు పడినది 50 పౌండ్ల జరిమానా. ఆయన దానిని చెల్లించి ఊరుకోక లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ వరకూ వెళ్లారు, ఓడిపోయారు. రాజద్రోహం రుజువు కావడానికి హింసకు పురికొల్పినట్లు చూపనక్కరలేదని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది.

ఆ తీర్పు ఆక్రాతో ఆగలేదు. మన ఫెడరల్ కోర్టు 1942లో ఇందుకు భిన్నమైన మాట చెప్పింది. శాంతిభద్రతలకు భంగం కలిగించే ఉద్దేశం గానీ, అలా జరిగే అవకాశం గానీ ఉంటే తప్ప రాజద్రోహం కాదన్నది. స్వాతంత్ర్యం రావడానికి కొద్ది మాసాల ముందు, 1947లో, సదాశివ్ నారాయణ్ భాలేరావ్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అందుకు ఆధారంగా ఉదహరించిన తీర్పులలో గోల్డ్ కోస్ట్ తీర్పు ఒకటి. స్వతంత్ర భారత సుప్రీంకోర్టు 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో ఈ పాత తీర్పులన్నిటినీ ముందు పెట్టుకుని, ఫెడరల్ కోర్టు మాటనే స్వీకరించింది. సెక్షన్ 124-ఎను కొట్టివేయలేదు గానీ దాని పరిధిని కుదించింది.

ఆ సెక్షన్‌తో తెలుగు పత్రికలకు ఉన్న పరిచయం ఇంకా పాతది. బెజవాడ నుంచి వెలువడిన 'స్వరాజ్య' పత్రికలో రాసిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో ఈ నేరం కిందనే జైలుకు వెళ్లారు. 113 సంవత్సరాల తరువాత, 2021 మే నెలలో, ఆంధ్రప్రదేశ్ సీఐడీ అదే సెక్షన్ కింద టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్లపై కేసు నమోదు చేసింది. అధికార పక్షం టికెట్‌పై గెలిచి ఆ పక్షాన్నే విమర్శిస్తూ వచ్చిన ఒక ఎంపీ ప్రసంగాలను ప్రసారం చేయడమే ఆరోపణ. ఛానళ్లపై కఠిన చర్యలు తీసుకోరాదని సుప్రీంకోర్టు ఆ నెల 31న ఆదేశించింది. రాజద్రోహానికి హద్దులు నిర్వచించవలసిన సమయం వచ్చిందని కూడా వ్యాఖ్యానించింది. మరుసటి ఏడాది మే 11న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ అమలునే నిలిపివేసింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 'రాజద్రోహం' అన్న మాట లేదు. దేశ సార్వభౌమత్వం, సమైక్యతలకు ముప్పు తెచ్చే చర్యల పేరిట 152వ సెక్షన్ ఉంది.

ఘనా ఈ విషయంలో మనకంటే ముందే మేల్కొన్నది. సైనిక పాలకుడు రాలింగ్స్ హయాంలో, 1989లో, పత్రిక నడపాలంటే లైసెన్సు తీసుకోవాలన్న చట్టం తెచ్చారు. 1992 రాజ్యాంగం ఆ పద్ధతిని నిషేధించింది. పత్రిక స్థాపించడానికి లైసెన్సు అడగరాదని, సెన్సార్‌షిప్ ఉండరాదని ఆ రాజ్యాంగం స్పష్టంగా చెబుతుంది. మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అన్న మాటే లేదు. 19(1)(ఎ) కింద పౌరులందరికీ ఉన్న భావప్రకటన స్వేచ్ఛ నుంచే న్యాయస్థానాలు దానిని రాబట్టాయి. ఘనాలో రాజ్యాంగం వచ్చినా, తొంభైలలో క్రిమినల్ పరువునష్టం కేసులు సంపాదకులను వెంటాడుతూనే ఉన్నాయి. అధికారం మారాక కుఫోర్ ప్రభుత్వం 2001లో రాజద్రోహాన్ని, క్రిమినల్ పరువునష్టాన్ని రెంటినీ శిక్షాస్మృతి నుంచి తొలగించింది. ఆ పని నడిపించిన అటార్నీ జనరల్ అకుఫో అడ్డో. మన దేశంలోనైతే క్రిమినల్ పరువునష్టం రాజ్యాంగబద్ధమేనని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే కథ అక్కడితో ముగిసి ఉంటే ఘనాను ఆదర్శంగా చూపి ఊరుకోవచ్చు. అకుఫో అడ్డో 2017 జనవరిలో దేశాధ్యక్షులయ్యారు. 2019 జనవరి 16న ఆక్రాలో పరిశోధనాత్మక విలేకరి అహ్మద్ హుస్సేన్ సువాలే కారులో వెళుతుండగా కాల్చి చంపారు. అంతకు కొద్ది మాసాల ముందే ఒక పార్లమెంటు సభ్యుడు టీవీలో ఆయన ఫోటో చూపించి, కనబడితే కొట్టమని పిలుపునిచ్చి ఉన్నారు. 2022 వచ్చేసరికి విలేకరుల అరెస్టులు వరుసగా జరిగాయి. రాజద్రోహం లేదు, క్రిమినల్ పరువునష్టం లేదు. మరి ఏ నేరం కింద? భయాందోళనలు కలిగించే 'అసత్య వార్త' ప్రచురించడాన్ని నేరంగా పరిగణించే 208వ సెక్షన్ శిక్షాస్మృతిలో అలాగే మిగిలి ఉన్నది. 2008 నాటి ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్ల చట్టంలోనూ అటువంటిదే మరొకటి ఉన్నది. రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ జాబితాలో 2021లో 30వ స్థానంలో ఉన్న ఘనా ఒక్క ఏడాదిలో 60వ స్థానానికి దిగజారింది. లెక్క కట్టే పద్ధతి ఆ ఏడు మారిందన్నది నిజమే గానీ, దిగజారుడు మొత్తాన్ని దాని ఖాతాలో వేయలేము.

ఆ ప్రాంతంలోనే ఉన్న నైజీరియాలో ఇదే మాటను సైనిక ప్రభుత్వం ఇంకా మొరటుగా వాడింది. బుహారీ పాలనలో 1984లో వచ్చిన నాల్గవ నంబరు డిక్రీ, అసత్య ఆరోపణల నుంచి ప్రభుత్వాధికారుల రక్షణ పేరిట వెలువడింది. అధికారులను అపహాస్యం పాలుచేసే వార్తలను కూడా అది నేరంగా చేసింది. రాయబారుల నియామకాలపై వార్తలు రాసిన 'గార్డియన్' విలేకరులు టుండే థాంప్సన్, న్దుకా ఇరాబోర్‌లకు ఏడాది జైలు పడింది. 1985లో బుహారీని కూలదోసిన వారు ఆ డిక్రీని రద్దు చేశారు.

ఈ డిక్రీని చదివిన తెలుగు పాఠకునికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు గుర్తుకు రాక తప్పదు. అసత్య, నిరాధార, పరువునష్టకర వార్తలు ప్రచురించే, ప్రసారం చేసే సంస్థలపై ఖండనలు ఇచ్చేందుకు, ఫిర్యాదు చేసేందుకు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా కేసు వేసేందుకు శాఖల కార్యదర్శులకు అధికారం ఇస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 30న జీవో 2430 జారీచేసింది. అందుకు మాతృక 2007 ఫిబ్రవరి నాటి జీవో 938. ఆనాడు ఆ అధికారం సమాచార శాఖ కమిషనర్‌కు ఇచ్చారు. పాత్రికేయుల నిరసనల తరువాత అమలును పక్కన పెట్టారు. పక్కన పెట్టిన కాగితం పన్నెండేళ్ల తరువాత మరింత విస్తృతమై తిరిగి వచ్చింది. ప్రెస్ కౌన్సిల్ తనంతట తానుగా విషయాన్ని స్వీకరించి ఆందోళన ప్రకటించింది. కౌన్సిల్‌కు అంతకుమించి చేతిలో ఉన్నది కూడా లేదు. 1978 చట్టం ప్రకారం అది పత్రికలను హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. ప్రభుత్వాల ప్రవర్తనపై వ్యాఖ్యానించగలదు. టీవీ ఛానళ్లు దాని పరిధిలోనే లేవు.

డిక్రీకీ జీవోకూ గల తేడాను దాచడం న్యాయం కాదు. సైనిక ట్రిబ్యునల్ వేరు, సెషన్స్ కోర్టు వేరు. జీవో కొత్త నేరమేదీ సృష్టించలేదు. ఉన్న పరువునష్టం చట్టాన్ని వాడుకునే దారి మాత్రమే చూపింది. కానీ ఆ దారిలో నడిచేవారి ఖర్చు ఎవరిదో చూడాలి. ప్రభుత్వోద్యోగి తరఫున ప్రభుత్వ అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటర్ నేరుగా సెషన్స్ కోర్టులో ఫిర్యాదు చేయవచ్చునని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 199వ సెక్షన్ చెప్పేది. దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ ఏర్పాటు కొనసాగింది. అంటే ఫిర్యాదుదారు వకీలు ఫీజు ఖజానా భరిస్తుంది. జిల్లా కేంద్రంలో పనిచేసే విలేకరి తన వాయిదాలకు తానే తిరగాలి. చివరకు నిర్దోషి అని తేలినా ఆ తిరుగుడు తిరుగుడే. ఇసుక రేవు మీదో, ఆసుపత్రి మందుల కొనుగోలు మీదో తరువాతి వార్త రాసేముందు ఆయన రెండుసార్లు ఆలోచిస్తారు. శిక్ష పడిన కేసులు ఎన్నని లెక్కించేవారికి ఈ ఆలోచన ఎక్కడా కనిపించదు.

వార్త తప్పు కావచ్చు. పత్రికలు తప్పులు రాస్తాయి, కొన్ని కావాలనే రాస్తాయి. తెలుగు నాట ఏ పత్రిక ఎవరి పక్షమో పాఠకులకు ఒకరు చెప్పనక్కరలేదు. వివాదం తప్పు దిద్దడం గురించి కాదు. వార్త ఎవరి మీద వచ్చిందో వారే దానిని అసత్యమని ముద్ర వేయవచ్చునా అన్నదే. కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలను సవరించి, తన వ్యవహారాలపై ఇంటర్నెట్‌లో వచ్చే సమాచారం బూటకమో, అసత్యమో, తప్పుదోవ పట్టించేదో గుర్తించే విభాగాన్ని తానే ఏర్పరచే అధికారం తీసుకుంది. బొంబాయి హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయానికి రాగా, మూడవ న్యాయమూర్తి అభిప్రాయంతో 2024 సెప్టెంబరులో ఆ నిబంధన చెల్లకుండా పోయింది.

అప్పటికే కొత్త శిక్షాస్మృతి అమలులోకి వచ్చింది. ప్రజలలో కలవరం రేపే ప్రకటనలకు సంబంధించిన పాత 505వ సెక్షన్ అందులో 353వ సెక్షన్ అయింది. నిజమని నమ్మడానికి తగిన కారణాలుండి, సదుద్దేశంతో ప్రచురించిన వారికి ఇచ్చిన మినహాయింపు అలాగే ఉన్నది. శిక్ష మూడేళ్ల వరకు, అదీ పాతదే. పాత సెక్షన్‌లో ప్రకటన, వదంతి, నివేదిక అన్న మూడు మాటలే ఉండేవి. కొత్త దానిలో 'అసత్య సమాచారం' అన్న మాట చేరింది.